ట్రెయిల్‌కి సైకిల్ సిద్ధం చేయాలంటే డబ్బు ముందు దేనికి పెట్టాలి?

మొదటి ఎంటీబీ, అంటే మట్టి, రాళ్ళ దారుల్లో (ట్రెయిల్స్‌లో) తొక్కే మౌంటెన్ బైక్, కొన్న కొన్నాళ్ళకి దాదాపు అందరి కన్నూ ఫోర్కు మీదే, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపుల్ని మింగే రెండు కాళ్ళ భాగం మీదే పడుతుంది. కంటికి కనపడేది అదే, షాపులో గొప్పగా చెప్పేదీ అదే. నా లెక్కలో మాత్రం దాని వంతు అన్నిటికంటే చివర. ముందు టైర్లు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత సీటు పోస్టు, గేర్లు, అవన్నీ అయ్యాక ఇంకా డబ్బుంటే ఫోర్కు. పైగా ఇబ్బందుల్లో చాలావరకు కొత్త పార్టు కొనకుండా, ఉన్నదాన్ని సరిగ్గా సెట్ చేసుకుంటేనే పోతాయి. అందుకే ఏది కొనాలో చెప్పే ప్రతిచోటా, కొనకముందు ఏం చేసి చూడాలో కూడా చెప్తాను.

మీ దగ్గర ఉన్నది సుమారు 35 నుంచి 60 వేల మధ్య వచ్చే అల్యూమినియం హార్డ్‌టెయిల్, అంటే వెనక షాక్ లేని సైకిల్, అనుకుంటున్నాను. ముందు 100 మి.మీ. కుంగే స్ప్రింగు ఫోర్కు, 27.5 లేదా 29 అంగుళాల చక్రాలు, పెడల్స్ దగ్గర రెండో మూడో చైన్‌రింగులు (పళ్ళ చక్రాలు), వెనక 8 గేర్లు, డిస్కు బ్రేకులు. వెనక షాక్ ఉన్న ఫుల్ సస్పెన్షన్ సైకిళ్ళ లెక్క వేరు, వాటి జోలికి వెళ్ళడం లేదు.

ఇంకో సంగతి నేల. యూట్యూబ్‌లో సలహాలిచ్చేవాళ్ళు చాలామంది తడి మట్టి, చెట్ల వేళ్ళు ఉండే అడవుల్లో తొక్కుతారు. హైదరాబాద్ చుట్టుపక్కల మనకి దొరికేది గట్టి నేల మీద పల్చగా పరుచుకున్న మొరం, మధ్యమధ్యలో గ్రానైట్ బండలు, రెండు పక్కలా సర్కారు తుమ్మ. ఎండాకాలంలో ఆ మొరం మీద మలుపు తిరగడం జొన్నలు ఒలికిన గచ్చు మీద నడవడం లాంటిదే. వానలు పడ్డాక అనంతగిరి వైపు వెళ్తే ఎర్రమట్టి టైరుకి అంటుకుని ఫ్రేము దగ్గర గడ్డకడుతుంది. కింద చెప్పేదంతా ఈ నేలని దృష్టిలో పెట్టుకునే.

టైర్లు

ఫోర్కు ఎంత ఖరీదైనదైనా నేలని పట్టుకునేది టైరే. ఈ ధరలో కంపెనీ వేసి ఇచ్చే టైర్లు ఎక్కువగా గట్టి రబ్బరుతో, అంచులో ఇనుప తీగతో వస్తాయి. రోడ్డు మీద తేలిగ్గా పోతాయి, మొరం మలుపులో చేతులెత్తేస్తాయి.

టైరు మీది రబ్బరు దిమ్మల్ని, అంటే నాబ్‌లని, దగ్గరగా చూడండి. నిటారుగా పోతున్నప్పుడు నేలకి తగిలేవి మధ్యలోవి. సైకిల్‌ని మలుపులో వంచినప్పుడు బరువంతా అంచు నాబ్‌ల మీదికి వస్తుంది. అంచువి పొట్టిగా, బొటనవేలితో నొక్కితే ఇట్టే పక్కకి వంగిపోయేలా ఉంటే ఆ టైరు మలుపులో చెప్పకుండా జారుతుంది. కొనేముందు షాపులోనే ఇలా నొక్కి చూడొచ్చు.

పొట్టి నాబ్‌లు దగ్గరదగ్గరగా ఉండే మాక్సిస్ ఐకాన్, విట్టోరియా మెజ్కల్, కాంటినెంటల్ రేస్ కింగ్ లాంటివి వేగంగా దొర్లుతాయి. బండ మీద బాగా అతుక్కుంటాయి కూడా, ఎందుకంటే రాయి మీద పట్టు వచ్చేది నాబ్ ఎత్తు వల్ల కాదు, ఎంత రబ్బరు రాయిని తాకుతోందన్న దాన్నిబట్టి. మాక్సిస్ ఆర్డెంట్, ష్వాల్బే నాబీ నిక్ మధ్యరకం. మాక్సిస్ మినియన్ డీహెచ్‌ఎఫ్ లాంటివి పెద్ద అంచు నాబ్‌లతో మలుపులో గట్టిగా పట్టుకుంటాయి, కానీ ఇంటి నుంచి ట్రెయిల్ దాకా 20 కిలోమీటర్లు తారు రోడ్డు మీద తొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళకి ప్రాణం తీస్తాయి.

రెండు టైర్లూ ఒకటే ఉండాలని లేదు. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందు చక్రం జారితే కింద పడటమే. అందుకని ముందు పట్టు ఎక్కువున్నది, వెనక తేలిగ్గా దొర్లేది వేయమంటాను. ముందు నాబీ నిక్, వెనక మెజ్కల్ లాంటి జోడీ మన మొరానికీ బండకీ రెంటికీ సరిపోతుంది. డబ్బు ఒక్క టైరుకే ఉంటే ముందుది మార్చండి.

వెడల్పు ఎంత అన్నది రిమ్‌ని బట్టి. చవక రిమ్‌ల లోపలి వెడల్పు చాలావరకు 19 నుంచి 21 మి.మీ. ఉంటుంది, వాటికి 2.25 అంగుళాలు దాటించకండి. తక్కువ గాలిలో టైరు పక్కకి ఒరిగిపోతుంది. 25 మి.మీ. రిమ్‌కి 2.3, 30 మి.మీ. రిమ్‌కి 2.4 బాగుంటాయి. వెనక టైరుకీ ఫ్రేముకీ మధ్య రెండువైపులా కనీసం 5, 6 మి.మీ. ఖాళీ మిగలాలి. లేకపోతే ఎర్రమట్టిలో చక్రం తిరగడం మానేస్తుంది.

ఇక ట్యూబా, ట్యూబ్‌లెస్సా? మీ దారిలో పల్లేరు కాయలు ఉంటే ఈ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, ఒక్క గట్టు దాటేసరికి టైరులో పది దిగుతాయి. అరిజోనా, కొలరాడోలో తొక్కే మనవాళ్ళని సతాయించేదీ ఇదే మొక్క. ట్యూబుకి ప్యాచీలు వేసుకుంటూ కూర్చుంటే ఆదివారం పొద్దున్న అంతా రోడ్డు పక్కనే గడిచిపోతుంది. ట్యూబ్‌లెస్‌లో లోపల పోసిన సీలెంట్ అనే ద్రవం ఆ సన్నటి రంధ్రాలని అక్కడికక్కడే మూసేస్తుంది. చక్రం తిప్పితే చిన్న తెల్ల చుక్క బయటికొచ్చి ఆరిపోతుంది, అంతే.

దానికి రిమ్, టైరు రెండూ ట్యూబ్‌లెస్ రెడీ (ట్యూబు లేకుండా గాలి నిలిచేలా చేసినవి) అయి ఉండాలి. మామూలు రిమ్‌కి టేపు చుట్టి నడిపేవాళ్ళు ఉన్నారు, నేను చేయమనను. తక్కువ గాలిలో, మలుపు మధ్యలో టైరు అంచు రిమ్ వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి రిమ్ ఉంటే ట్యూబు లోపలే సీలెంట్ పోసుకోవడం మధ్యేమార్గం. ఆ ట్యూబు వాల్వు కోర్, అంటే వాల్వు లోపలి భాగం, విప్పడానికి వీలైనది అయి ఉండాలి. ముళ్ళ బాధ చాలావరకు తీరుతుంది, గాలి మరీ తగ్గించే వీలు మాత్రం ఉండదు.

29 అంగుళాల 2.25 టైరుకి 100 మి.లీ. దాకా సీలెంట్ పడుతుంది. మన ఎండలకి అది త్వరగా ఆరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండు నెలలు ఆగకుండానే చూసుకోండి, చక్రం ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు వినిపించాలి. టైరు అంచు రిమ్ మీద కూర్చోవడానికి ఇంట్లో పంపు చాలకపోతే, ప్రెస్టా అనే సన్న సైకిల్ వాల్వుకి చిన్న అడాప్టర్ పెట్టుకుని టూవీలర్ పంక్చర్ షాపుకి తీసుకెళ్ళండి. కంప్రెసర్ గాలికి టప్ టప్‌మని రెండు చప్పుళ్ళు వస్తాయి, పనైపోయినట్టే. వాళ్ళు మోటార్ సైకిల్ లెక్కలో గాలి కొట్టకుండా మీరే దగ్గరుండి ఆపండి.

గాలి

ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సైకిల్ నడకని ఇంతగా మార్చేది ఇంకోటి లేదు. టైరు పక్కన రాసున్న అంకె గరిష్ఠ పరిమితి, అంత కొట్టమని కాదు. షాపులో 40, 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి ఇస్తే ట్రెయిల్ మీద రాయిరాయికీ ఎగిరిపడుతుంది, జనం ఆ తప్పుని ఫోర్కు మీదికి నెడతారు.

70 కిలోల మనిషి 2.25 టైరుతో మొదలుపెట్టాలంటే ట్యూబు ఉంటే ముందు 26, వెనక 29. ట్యూబ్‌లెస్ అయితే ముందు 21, వెనక 24. బరువు 10 కిలోలు తక్కువైతే రెండేసి తగ్గించండి, ఎక్కువైతే రెండేసి పెంచండి. తర్వాత మీకు బాగా తెలిసిన చిన్న దారి ఒకటి పట్టుకుని అదే మళ్ళీ మళ్ళీ తొక్కుతూ, ప్రతిసారీ ఒక్కొక్క పీఎస్‌ఐ తగ్గిస్తూ పొండి. రాయి రిమ్‌కి తగిలి ఠంగుమన్నా, మలుపులో టైరు మెలికలు తిరుగుతున్నట్టు అనిపించినా రెండు పెంచి అక్కడ ఆగండి. బండలు ఎక్కువున్న ఖాజాగూడ లాంటి చోట వెనక చక్రానికి ఇంకొకటి కలపడం మంచిది.

నిలువు పంపు మీటర్లు 20 దగ్గర నిజం చెప్పడం అరుదు. చిన్న డిజిటల్ గేజ్ కొనండి. అది చెప్పే అంకె కూడా కచ్చితంగా నిజం కాకపోవచ్చు, ఎప్పుడూ ఒకేలా చెప్తే మనకి చాలు.

బ్రేకులు

కేబుల్ డిస్కు, హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) డిస్కు మధ్య తేడా ఆపే బలంలో కంటే వేళ్ళ అలసటలో ఎక్కువ తెలుస్తుంది. పది నిమిషాల దిగుడు తర్వాత కేబుల్ బ్రేకుకి మూడు వేళ్ళు వాడతారు, హైడ్రాలిక్‌కి ఒకటి చాలు. మిగతా వేళ్ళు హ్యాండిల్ పట్టుకోవడానికి మిగులుతాయి. షిమానో ఎంటీ200, టెక్ట్రో వాళ్ళ మొదటి మెట్టు హైడ్రాలిక్ సెట్లు మన వాడకానికి చాలు. నాలుగు పిస్టన్ల బ్రేకులు పెద్ద కొండల మీద పొడవాటి దిగుళ్ళకి, మనకి ఆ ఖర్చు దండగ.

కేబుల్ బ్రేకే ఉంచుకోదలిస్తే ఒక పని చేయండి. వాటిలో ఎక్కువ రకాల్లో ఒక ప్యాడే కదులుతుంది, రెండోది కదలకుండా ఉంటుంది. కదలని ప్యాడు అరిగేకొద్దీ రోటరు (చక్రానికుండే లోహపు డిస్కు) దానివైపు వంగి తగలాల్సి వస్తుంది, లివరు మెత్తబడుతుంది. లోపలివైపు ఉండే సర్దుబాటు మరని తిప్పి ఆ ప్యాడుని రోటరుకి సందు కనపడీ కనపడనంత దగ్గరగా తెచ్చి, ఆ తర్వాతే కేబుల్ బిగించండి. చాలామంది కేబుల్ ఒక్కటే బిగించి, బ్రేకు పనిచేయడం లేదని కొత్తది కొంటారు.

రోటరు 160 నుంచి 180 మి.మీ.కి పెంచితే అదే వేలి బలానికి ఆపే శక్తి ఎనిమిదో వంతు పెరుగుతుంది. ముందు చక్రానికి మార్చుకుంటే చాలు. ఫోర్కు అంత రోటరుని ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోవాలి, అడాప్టర్ కూడా కావాలి.

ప్యాడుల్లో రెజిన్ రకం చప్పుడు చేయదు, చల్లగా ఉన్నా వెంటనే పట్టుకుంటుంది, వాన బురదలో మాత్రం త్వరగా అరిగిపోతుంది. మెటల్ రకం ఎక్కువకాలం వస్తుంది, అరుస్తుంది. రోటరు మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే దానికి మెటల్ ప్యాడ్ వేయకూడదు, రోటరు పాడైపోతుంది. షిమానో చవక రోటర్లు చాలావాటి మీద ఈ మాట ఉంటుంది. కొత్త ప్యాడులు వేశాక ఖాళీ రోడ్డు మీద గంటకి 20 కి.మీ. వేగం నుంచి నడక వేగం దాకా ఒక 15, 20 సార్లు తగ్గించండి, చక్రం లాక్ చేయకుండా. ఇది చేయకపోతే ఎంత మంచి బ్రేకైనా ఈలలు వేస్తుంది. షిమానో, టెక్ట్రో బ్రేకుల్లో మినరల్ ఆయిల్, శ్రామ్ వాటిలో ఎక్కువగా మోటార్ సైకిళ్ళలో పోసే డాట్ ఫ్లూయిడ్ ఉంటాయి. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి సీళ్ళు పోతాయి. మీ సైకిల్ మెకానిక్ టూవీలర్ మెకానిక్ కూడా అయితే ఈ మాట రెండుసార్లు చెప్పండి.

సీటు పోస్టు, గేర్లు

ఈ రెంటినీ కలిపి చెప్పడానికి కారణం ఉంది. డ్రాపర్ పోస్టు అంటే హ్యాండిల్ మీది మీట నొక్కితే సీటు కిందికి దిగేది. దాని మీటకి సరైన చోటు ఎడమ చేతి బొటనవేలి కింద, కానీ ముందు చైన్‌రింగుల షిఫ్టర్ (గేరు మార్చే మీట) ఆ చోటుని ఆక్రమించుకుని ఉంటుంది. అందుకే ఒంటి చైన్‌రింగుకి మారడం, డ్రాపర్ వేయడం ఒకేసారి చేస్తే పని తేలిక.

నిటారు దిగుడులో సీటు ఎత్తుగా ఉంటే అది వెనకనుంచి ముందుకి నెడుతుంది, హ్యాండిల్ మీంచి ఎగిరిపడటానికి అదే దారి. డ్రాపర్ వచ్చేదాకా పానా లేకుండా చేత్తోనే విప్పే క్విక్ రిలీజ్ సీటు క్లాంపు వేసుకుని, దిగుడుకి ముందు ఆగి చేత్తో నాలుగంగుళాలు దించండి. కొనేటప్పుడు పోస్టు లావు చూడాలి, పాత పోస్టు బయటికి లాగితే కింది భాగంలో అంకె ఉంటుంది. 30.9, 31.6 మి.మీ. అయితే కావలసినన్ని రకాలున్నాయి. 27.2 అయితే తక్కువ, అవి కొంచెం ఊగుతాయి కూడా. కేబుల్ లోపలినుంచి వెళ్ళడానికి ఫ్రేములో రంధ్రం లేకపోతే బయటి కేబుల్ రకం తీసుకోండి.

గేర్ల విషయంలో ‘వన్ బై (ముందు ఒకటే చైన్‌రింగు) వేస్తే ఎత్తు ఎక్కలేం’ అనే మాట తరచూ వినిపిస్తుంది. లెక్క చూద్దాం. ముందు 42, 32, 22 పళ్ళు, వెనక 11 నుంచి 32 ఉన్న సైకిల్‌లో అన్నిటికంటే తేలిక గేరు 22ని 32తో భాగిస్తే 0.69. ముందు ఒక్క 32, వెనక 11 నుంచి 46 వేస్తే 0.70. ఎక్కడంలో తేడా లేనట్టే. పోయేది పై వేగం. 32 ముందు, 11 వెనక పెట్టి 29 అంగుళాల చక్రంతో నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకి సుమారు 32 కి.మీ. వస్తుంది. ట్రెయిల్ మీద అది ఎక్కువే. అదే సైకిల్‌తో వారమంతా ఆఫీసుకి ఫ్లైఓవర్ల మీద పోయేవాళ్ళకి మాత్రం లోటు తెలుస్తుంది. వాళ్ళు మూడు రింగులే ఉంచుకోవడం మేలు.

వెనక హబ్ (చక్రం మధ్య భాగం) ఏ రకమో తెలియకుండా క్యాసెట్, అంటే వెనక పళ్ళ చక్రాల సెట్టు, ఆర్డర్ పెట్టకండి. 7 గేర్ల చవక సైకిళ్ళలో మర లాగా బిగించే ఫ్రీవీల్ ఉంటుంది, దానికి కొత్త తరం క్యాసెట్ పట్టదు, చక్రమే మార్చాలి. క్యాసెట్ జారించి పెట్టే మామూలు హెచ్‌జీ రకం హబ్ ఉంటే దారులున్నాయి: మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ 9 గేర్లు, అడ్వెంట్ ఎక్స్ 10 గేర్లు 48 పళ్ళ దాకా, షిమానో డియోర్‌లో 10 గేర్లు 46 దాకా, 11 గేర్లు 51 దాకా. డియోర్ 12 గేర్లది మైక్రో స్ప్లైన్ అనే వేరే హబ్ అడుగుతుంది. ఎన్ని గేర్లనేది కాదు, డీరెయిలర్‌లో (చైనుని గేరు నుంచి గేరుకి జరిపే భాగంలో) క్లచ్ ఉందా లేదా అన్నదే నేను చూస్తాను. రాళ్ళ మీద చైను కొట్టుకోకుండా, ఊడిపోకుండా ఆపేది అదే. ఖర్చు దగ్గర చూస్తే అడ్వెంట్ నా మొదటి ఓటు.

గేర్లు సరిగ్గా పడటం లేదని మాత్రమే మార్చాలనుకుంటే ఆగండి. ముందు వెనకనుంచి చూడండి, డీరెయిలర్ పంజరం క్యాసెట్‌తో సమాంతరంగా ఉందా, లోపలికి వంగిందా? సైకిల్ కుడివైపు ఒక్కసారి పడితే డీరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, అప్పుడు ఏ స్క్రూ తిప్పినా ప్రయోజనం లేదు. హ్యాంగర్ బాగుంటే కేబుల్ చివరున్న బ్యారెల్ అడ్జస్టర్‌ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ చూడండి. డీరెయిలర్ ఎంత దూరం జరగాలో ఆపే లిమిట్ స్క్రూల జోలికి పోకండి, గొడవలు చాలావరకు వాటివల్ల రావు.

ఫోర్కు

సన్ టూర్ ఎక్స్‌సీటీ, ఎక్స్‌సీఎం లాంటి స్ప్రింగు ఫోర్కులని చెడ్డవి అనను. వాటి లోటు వేరు. లోపలి స్ప్రింగు మధ్యరకం బరువుని ఊహించి వేసింది. 55 కిలోల మనిషికి అది సగమే కదులుతుంది, 90 కిలోల మనిషికి అడుగు తాకుతుంది. పైనున్న ప్రీలోడ్ నాబ్ స్ప్రింగుని ముందుగానే కొంచెం నొక్కి ఉంచుతుందే తప్ప దాని గట్టిదనాన్ని మార్చదు. రీబౌండ్, అంటే కుంగాక ఎంత వేగంగా పైకి లేవాలన్నది మార్చే వీలు సాధారణంగా ఉండదు. రాయి మీద పడి గబుక్కున పైకి లేచి చేతుల్ని తన్నేది అందుకే.

గాలి ఫోర్కులో ఈ రెండూ మన చేతిలో ఉంటాయి. సన్ టూర్ రేడాన్, రాక్‌షాక్స్ జూడీ, రీకాన్ ఈ మెట్టులో ఉన్నవి. జూడీకీ రీకాన్‌కీ మధ్య వీలైతే 32 మి.మీ. గొట్టాల రీకాన్ వైపు మొగ్గుతాను, ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు తక్కువ మెలితిరుగుతుంది.

కానీ కొనేముందు మీ ఫ్రేముని మూడు ప్రశ్నలు అడగండి. హెడ్ ట్యూబు (ఫ్రేములో ఫోర్కు దూరే గొట్టం) కింది భాగం వెడల్పైన టేపర్డ్ రకమా, పైనుంచి కింది దాకా ఒకటే లావా? ఒకటే లావైతే మంచి ఫోర్కుల్లో చాలావరకు అందులో పట్టవు. ముందు హబ్ 9 మి.మీ. క్విక్ రిలీజా, 15 మి.మీ. ఇరుసా? కొత్త ఫోర్కులు చాలావరకు 15×110 బూస్ట్ అనే వెడల్పాటి కొలత, అంటే ముందు చక్రం కూడా కొత్తది. ఫ్రేము ఎంత ట్రావెల్‌కి, అంటే ఫోర్కు కుంగే దూరానికి, చేసింది? ట్రావెల్ 20 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబు వాలు) సుమారు ఒక డిగ్రీ వాలుతుంది, 100కి చేసిన ఫ్రేముకి 120 చాలావరకు నడుస్తుంది, 140 వేస్తే ఫ్రేము మెడ మీద భారం పెరుగుతుంది, వారంటీ పోతుంది. ఫోర్కు, చక్రం, హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు) కలిపి చూస్తే ఖర్చు సైకిల్ ధరలో సగం దాటొచ్చు. మూడింట్లో రెండు జవాబులు అడ్డం వస్తే ఉన్న సైకిల్ అమ్మేసి, గాలి ఫోర్కుతో, థ్రూ యాక్సిల్‌తో (లావు ఇరుసుతో) వచ్చే సైకిల్‌కి వెళ్ళడమే తెలివైన పని.

గాలి ఫోర్కు ఉన్నవాళ్ళు సెట్ చేసుకునే పద్ధతి ఇది. షాక్ పంపు తప్పనిసరి, టైరు పంపు పనికిరాదు. ఫోర్కు కాలి మీద స్టిక్కరులో మీ బరువుకి ఇచ్చిన అంకె దాకా గాలి కొట్టండి. హెల్మెట్, బ్యాగు, నీళ్ళతో సహా సైకిలెక్కి, ఎవరినైనా వెనక పట్టుకోమని, పెడల్స్ మీద నిలబడండి. ఫోర్కు గొట్టం మీది రబ్బరు రింగుని సీలు దాకా జరిపి, కుదుపు లేకుండా మెల్లగా దిగండి. రింగు ఎంత దూరం జరిగిందో అదే శాగ్. 120 మి.మీ. ఫోర్కుకి 24 మి.మీ., అంటే 20 శాతం దగ్గర మొదలుపెట్టండి. రింగు లేకపోతే సన్న జిప్ టై చాలు. పంపు విప్పేటప్పుడు వచ్చే బుస్సు పంపు గొట్టంలో గాలిదే, కంగారుపడకండి.

రీబౌండ్‌ని మొత్తం క్లిక్కుల్లో మధ్యలో పెట్టండి. హ్యాండిల్‌ని గట్టిగా నొక్కి వదిలితే ముందు చక్రం నేల వదిలి ఎగరకూడదు. ఎగిరితే నెమ్మది చేయండి. వరసగా రాళ్ళొచ్చినప్పుడు ఫోర్కు కిందికి దిగి లేవడం మర్చిపోతే, ముందు భాగం కుంగిపోతున్నట్టు అనిపిస్తే ఒకటి రెండు క్లిక్కులు వేగం పెంచండి. ఒక రైడ్ అంతటిలో అన్నిటికంటే పెద్ద దెబ్బ దగ్గరైనా రింగు దాదాపు పైదాకా రావాలి. ఎప్పుడూ రాకపోతే 5 పీఎస్‌ఐ తగ్గించండి. శాగ్ సరిగ్గా ఉండి కూడా మాటిమాటికీ అడుగు తాకుతుంటే గాలి పెంచకండి, లోపల గాలి ఉండే చోటుని తగ్గించే వాల్యూమ్ స్పేసర్ ఒకటి వేయించండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఫోన్లో రాసుకోండి.

మన దుమ్ముకి సీళ్ళే ముందు పోతాయి. రైడ్ అయ్యాక గొట్టాలని మెత్తటి గుడ్డతో తుడవండి, ప్రెషర్ వాషర్ కొట్టనివ్వకండి. రాక్‌షాక్స్ ప్రతి 50 గంటలకి ఫోర్కు కింది కాళ్ళు విప్పి ఆయిల్ మార్చమంటుంది. మీ ఊళ్ళో అది చేసేవాళ్ళు ఎవరున్నారో ఫోర్కు కొనకముందే కనుక్కోండి.

మిగతావి

హ్యాండిల్ 720 నుంచి 760 మి.మీ., స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) 50, 60 మి.మీ. ఉంటే చాలు. చిన్న స్టెమ్ ఒక్కటే మార్చినా దిగుళ్ళలో ధైర్యం వస్తుంది. పెడల్స్ పిన్నులున్న ఫ్లాట్ రకం తీసుకోండి, బూటుకి బిగుసుకునే క్లిప్ రకం ఇప్పుడే వద్దు. మోకాలి కింద కాలికి వేసుకునే గార్డులు లేకుండా పిన్నుల పెడల్ వాడితే పిక్కల మీద గీతలు ఖాయం. స్టెమ్ బోల్టులు 5 న్యూటన్ మీటర్ల దగ్గర, ఎదురెదురువి మార్చి మార్చి బిగించండి. మొదటి రైడ్ తర్వాత అవి, రోటరు బోల్టులు మళ్ళీ ఒకసారి చూసుకోండి.